వారానికొక్క మాత్ర: కీళ్లవాతం, పేగుపూత మందుల లెక్క నెల్లూరు తీరాన

కావలి నుంచి కృష్ణపట్నం దాకా నెల్లూరు తీరంలో ఏ ఊరు తీసుకున్నా, పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోయి పిడికిలి పట్టలేని మనిషి ముందు ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్తుంది. విరేచనంలో నెత్తురు చూసిన మనిషి మొలలేమోనని ఆ మందు వాడుకుంటాడు. ఈ రెండు జబ్బులకూ చుట్టరికం ఉందని ఇద్దరిలో ఎవరికీ తోచదు. కానీ తిరగాల్సిన చోట్లన్నీ తిరిగి సరైన వైద్యుడి దగ్గరికి చేరాక ఇద్దరి మందుల చీటీల మీదా ఒకే పేర్లు కనిపించవచ్చు: సల్ఫాసలజీన్, ప్రెడ్నిసొలోన్, మెథోట్రెక్సేట్, అడాలిముమాబ్.

ఆమె జబ్బు రుమటాయిడ్ ఆర్థ్రైటిస్. అతనిది పేగుల దీర్ఘకాలిక వాపు జబ్బు. పెద్దపేగు పొరకే పరిమితమైతే అల్సరేటివ్ కొలైటిస్, నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా పేగు గోడంతా లోతుగా పుండు పడితే క్రోన్స్. వీటి మందుల గురించి ఎనభై ఏళ్లుగా ఏం తెలిసింది, ఏ మందు ఎవరికి పనిచేస్తుంది, ఏది ఎక్కడ ప్రమాదం, ఈ తీరంలో వాటిని సురక్షితంగా వాడాలంటే ఏం కావాలి అన్నదే ఈ సమీక్ష. మందుల తయారీలో మన దేశానికి ఇప్పుడు కొరత లేదు. మందు వెంట నడవాల్సిన పరీక్షలు, లెక్కలు, పర్యవేక్షణ మాత్రం మందులంత వేగంగా తీరం చేరలేదు. ఇక్కడి రోగికి జరిగే నష్టంలో పెద్ద భాగం ఆ లోటు నుంచే వస్తోంది.

రెండు జబ్బులు, ఒకే మంట

రెండూ ఒంటి రక్షణ వ్యవస్థ దారి తప్పడం వల్ల వచ్చేవే. బయటి శత్రువు మీదికి పోవాల్సిన కణాలు ఒకరిలో కీలు లోపలి పొర మీదికి, మరొకరిలో పేగు పొర మీదికి తిరగబడతాయి. వాపు రగిలించే రసాయన సంకేతాల్లో టీఎన్‌ఎఫ్ అనేది రెండు చోట్లా ముఖ్యమైంది. పేగు జబ్బు ఉన్నవాళ్లలో కొందరికి కీళ్ల నొప్పులు కూడా వస్తాయి. అది రుమటాయిడ్ కాకపోయినా, చికిత్సలో రెండు దారులూ కలుస్తాయి.

రుమటాయిడ్ ఎంతమందికి ఉంటుందో చెప్పే పాత భారతీయ సర్వే హర్యానాలోని బల్లభ్‌గఢ్ గ్రామాల్లో జరిగింది. 1993లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం పెద్దవాళ్లలో 0.75 శాతం మందికి ఆ జబ్బు ఉంది. అంటే వెయ్యి మందిలో ఏడెనిమిది మంది. ఆడవాళ్లకు మగవాళ్ల కన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ. నాట్లు వేసే, రొయ్యలు ఒలిచే, వలలు అల్లే చేతులకు ఈ జబ్బు వస్తే పోయేది కూలి. పేగు జబ్బు పాశ్చాత్యులదన్న నమ్మకాన్ని పంజాబ్ సర్వే చెరిపేసింది. 2003లో ప్రచురితమైన ఆ అధ్యయనంలో లక్షకు 44 మందికి పైగా అల్సరేటివ్ కొలైటిస్ కనిపించింది. అంతకు ముందే ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో స్థిరపడిన దక్షిణాసియా కుటుంబాల్లో ఈ జబ్బు అక్కడి తెల్లవాళ్ల కన్నా ఎక్కువగా ఉన్నట్టు తేలింది. హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు ఊళ్లకే ఎండోస్కోపీ తీసుకెళ్లి చూసినప్పుడు పల్లెల్లోనూ ఈ జబ్బు బయటపడింది. అందుకే ఇది పట్నపు జబ్బు అని తీరప్రాంత వైద్యుడు పక్కన పెట్టడానికి వీల్లేదు.

పేరు తేలేలోపు

మందుల చర్చ నిర్ధారణతోనే మొదలవ్వాలి. తప్పు జబ్బుకు సరైన మందు ఇచ్చినా విషమే. నెల్లూరు ప్రాంతంలో ఈ చిక్కు మరీ ఎక్కువ.

కీళ్ల సంగతి చూద్దాం. 2005 చివర, 2006లో ఆంధ్రప్రదేశ్‌ను ఊపేసిన చికున్‌గున్యా వెళ్తూ వెళ్తూ చాలామందికి నెలల తరబడి, కొందరికి ఏళ్ల తరబడి కీళ్ల నొప్పులు మిగిల్చింది. చేతివేళ్లు రెండు వైపులా సమానంగా వాచడం, పొద్దున బిగుసుకుపోవడం చూస్తే అచ్చం రుమటాయిడ్‌లానే ఉంటుంది. మరోవైపు తాగే నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ ఉంది. 1937లో షార్ట్, ఆయన సహచరులు మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్‌ను తొలిసారి వర్ణించింది నాటి నెల్లూరు జిల్లా మెట్ట ఊళ్లను చూసే. తర్వాత ఆ తాలూకాలు ప్రకాశం జిల్లాలోకి పోయాయి. మెట్ట నుంచి తీరానికి పనికి వచ్చిన మనిషి మెడ, నడుము బిగుసుకుపోయాయంటే తాగిన నీళ్ల గురించి అడగకుండా వాతం మందు రాయకూడదు. యాంటీ సీసీపీ, రుమటాయిడ్ ఫ్యాక్టర్, సీఆర్‌పీ పరీక్షలు, చేతుల ఎక్స్‌రే, అన్నిటికన్నా ముందు వేళ్లతో కీళ్లు నొక్కి చూడటం అవసరం.

పేగు దగ్గర చిక్కు ఇంకా పెద్దది. ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. పేగు క్షయ, క్రోన్స్ రెండూ చిన్నపేగు పెద్దపేగుతో కలిసే చోటే ఎక్కువగా పుండు పెడతాయి. ఎండోస్కోపీలోనూ ముక్క పరీక్షలోనూ ఒకదానికొకటి అద్దంలా కనిపిస్తాయి. తేల్చుకోలేనప్పుడు రెండు మూడు నెలలు క్షయ మందు ఇచ్చి, మళ్లీ గొట్టం వేసి పుండ్లు మానాయో లేదో చూడటం మన దేశంలో నడుస్తున్న పద్ధతి. మానకపోతే క్రోన్స్ అనుకుంటారు. ఈ పద్ధతికి మూల్యం కూడా ఉంది. నిజంగా క్రోన్స్ ఉన్న మనిషికి ఆ నెలల్లో పేగు సన్నబడిపోవచ్చు. పరీక్షించకుండా క్రోన్స్ అని ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్ మొదలుపెడితే దాగి ఉన్న క్షయ విజృంభిస్తుంది. అమీబా వల్ల పెద్దపేగు పుండు పడ్డ మనిషికి కొలైటిస్ అనుకుని స్టెరాయిడ్ ఇచ్చినా అదే ప్రమాదం. ఒట్టి కాళ్లతో బురదలో తిరిగే వాళ్లకు పట్టే స్ట్రాంగిలాయిడిస్ అనే పురుగు ఒంట్లో ఉంటే, స్టెరాయిడ్ వాడకంలో అది ఒళ్లంతా పాకి ప్రాణం తీసిన సందర్భాలున్నాయి. మొలలకని మందు వాడుతూ కాలం గడిపిన మనిషికి ఇవన్నీ చూడటం రెండో దశ. నెత్తురు పడుతోంటే ముందు గొట్టం పరీక్ష చేయించుకోవడం మొదటిది.

భీమవరం నుంచి పెర్ల్ రివర్ దాకా

రెండు జబ్బులకూ వాడే మందుల్లో బాగా చవకైన వాటిలో మెథోట్రెక్సేట్ ఒకటి. రుమటాయిడ్ చికిత్సకు ఇదే వెన్నెముక. దాని వెనుక తెలుగువాడి జీవితం ఉంది. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే పేగు జబ్బుతో రోజుల వ్యవధిలోనే చనిపోయారు. తిన్నది ఒంటబట్టని ఆ జబ్బు సుబ్బారావునూ పట్టుకుంది. ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో ఆయన కోలుకున్నారు. తర్వాత మద్రాసులో లక్ష్మీపతి ఆయుర్వేద కళాశాలలోనే శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు. 1922లో బోస్టన్ చేరి హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలకు మారారు.

1945లో లెడర్లీ బృందం ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారు చేసింది. కొద్ది కాలానికే స్ప్రూ రోగులకు అది ఇచ్చి మంచి ఫలితాలు చూశారు. సోదరుల ప్రాణాలు తీసిన జబ్బుకు మందు ఆయన పనిచేసే చోటే తయారైందన్నమాట. ఆ తర్వాత అదే బృందం ఫోలిక్ యాసిడ్‌ను మోసగించే రసాయనాలు తయారు చేసింది: ముందు అమినాప్టెరిన్, ఆపై మెథోట్రెక్సేట్. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అమినాప్టెరిన్‌తో రక్త కేన్సర్ పిల్లలకు తాత్కాలికంగానైనా ఉపశమనం వస్తుందని చూపించారు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు.

కీళ్లకు అమినాప్టెరిన్ పనిచేయవచ్చని 1951లోనే గబ్నర్ బృందం రాసింది. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కారణం కార్టిజోన్ అనే స్టెరాయిడ్. 1948 సెప్టెంబరులో మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ మంచం పట్టిన రుమటాయిడ్ రోగికి కార్టిజోన్ ఇచ్చి రోజుల్లో నడిపించారు. 1950లో కెండాల్, రైచ్‌స్టైన్‌లతో కలిసి నోబెల్ అందుకున్నారు. పేగుల విషయంలో అదే విజయాన్ని ట్రూలవ్, విట్స్ 1955లో ఇంగ్లండ్‌లో నమోదు చేశారు. అద్భుతం చూశాక నెమ్మదిగా పనిచేసే మందు మీద ఎవరి కన్ను పడుతుంది? కార్టిజోన్ వల్ల ఎముకలు గుల్లబారడం, చక్కెర పెరగడం, ముఖం ఉబ్బడం చూశాక వైద్యులు మళ్లీ పాత మందు వైపు తిరిగారు. 1985లో సరైన పరీక్షలు మెథోట్రెక్సేట్‌ను నిలబెట్టాయి. 1988లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దాన్ని రుమటాయిడ్‌కు ఆమోదించింది. 1995లో ఫీగన్ బృందం వారానికి 25 మిల్లీగ్రాముల ఇంజెక్షన్‌తో క్రోన్స్‌లోనూ పనిచేస్తుందని చూపించింది.

పాత మందులు, వాటి హద్దులు

మెథోట్రెక్సేట్ తీసుకునే పద్ధతిలోనే దాని ప్రాణం ఉంది. కీళ్లవాతానికి దాన్ని వారానికి ఒక్కసారే, సాధారణంగా 7.5 నుంచి 25 మిల్లీగ్రాముల మధ్య ఇస్తారు. రోజూ వేసుకుంటే నోరు పుళ్లు పడి, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. మన షాపుల్లో మందు కవరు మీద "రోజుకు ఒకటి" అని రాయడం అలవాటు. అదే చేత్తో దీనికీ అలా రాస్తే ఘోరం జరుగుతుంది. ఆదివారమో గురువారమో ఒక రోజు ఖాయం చేసి మాత్రల అట్ట మీదే ఆ రోజు పేరు రాసి ఇవ్వాలి. మందు వేసుకోని రోజుల్లో ఫోలిక్ యాసిడ్ మాత్ర నోటి పుండ్లనూ, కాలేయపు దెబ్బనూ తగ్గిస్తుంది. సుబ్బారావు ప్రయోగశాల నుంచి వచ్చిన ఆ రెండు మాత్రలూ ఇలా నేటికీ ఒకే చీటీ మీద పక్కపక్కన ఉంటాయి. మొదట్లో కొద్ది వారాలకోసారి, తర్వాత మూడు నెలలకోసారి రక్తకణాలు, కాలేయం, కిడ్నీ పరీక్ష చేయించాలి. సారా, బ్రాందీ మానాలి. గర్భం దాల్చాలనుకుంటే నెలల ముందే ఆపాలి. "కేన్సర్ మందట" అని భయపడి మధ్యలో మానేసేవాళ్లకు వైద్యుడు ఒక్క మాట చెప్పాలి: కేన్సర్‌కు ఇచ్చే మోతాదుతో పోలిస్తే ఇది చాలా చిన్నది, పని కూడా వేరే.

సల్ఫాసలజీన్ కథ విచిత్రంగా ఉంటుంది. స్వీడన్ వైద్యురాలు నానా స్వార్ట్స్ కీళ్లవాతం కోసం సల్ఫా మందునూ, సాలిసిలేట్‌నూ జోడించి 1940ల నాటికి దీన్ని తెచ్చారు. అది పెద్దపేగు పుండ్లను కూడా మాన్పింది. పెద్దపేగులోని సూక్ష్మజీవులు ఈ మాత్రను రెండుగా విరుస్తాయి. పేగుకు పనిచేసేది మెసలమీన్ ముక్క అని 1977లో ట్రూలవ్‌తో కలిసి ఆక్స్‌ఫర్డ్‌లో తేల్చింది బంగ్లాదేశ్ వైద్యుడు ఆజాద్ ఖాన్. కీళ్లకు ఎక్కువగా పనికొచ్చేది సల్ఫా ముక్క అని భావిస్తారు. అందుకే కొలైటిస్‌కు ఒట్టి మెసలమీన్ చాలు, కానీ పేగుతో పాటు కీళ్లూ నొప్పి పెడుతుంటే పాత సల్ఫాసలజీనే మేలు. దీని వల్ల మగవాళ్లలో వీర్యకణాలు తగ్గుతాయి, ఆపితే తిరిగి వస్తాయి. పిల్లలు కావాలనుకునేవాళ్లకు ఈ మాట ముందే చెప్పాలి. మెసలమీన్ క్రోన్స్‌కు పెద్దగా ఉపయోగపడదని సాక్ష్యం చెబుతున్నా అలవాటుగా ఇంకా రాస్తూనే ఉన్నారు.

హైడ్రాక్సీక్లోరోక్విన్ కీళ్లకే, పేగులకు లెక్కలో లేదు. 2020లో కొవిడ్‌కు అది పనిచేస్తుందన్న ఆశతో అందరూ కొనేస్తే, దాని మీదే బతికే రుమటాయిడ్, లూపస్ రోగులు షాపుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. కంటిపాప వెనక పొరకు దెబ్బ తగలకుండా బరువును బట్టి మోతాదు ఉంచి, అయిదేళ్లు దాటాక ఏటా కంటి పరీక్ష చేయిస్తే భయం లేదు. అజాతియోప్రిన్ ప్రధానంగా పేగుల మందు. ఆసియా జనాల్లో ఎన్‌యూడీటీ15 అనే జన్యువులో కొందరికి ఉండే మార్పు వల్ల మామూలు మోతాదుకే తెల్లకణాలు పడిపోతాయి. ఆ పరీక్ష చేయించే వీలు లేనిచోట తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, తొలి వారాల్లో తరచూ రక్తం చూడటమే దారి.

ఇక నొప్పి బిళ్లలు. డైక్లోఫెనాక్ లాంటివి నొప్పి తగ్గిస్తాయి గానీ కీలు అరగడాన్ని ఆపలేవు. పేగు జబ్బు ఉన్న మనిషికి అవి మంటను తిరగదోడవచ్చు. కీళ్లనొప్పికి ఎవరో చెప్పిన బిళ్ల వేసుకుని రక్త విరేచనాలతో మంచం పట్టే రోగి కథ మన ఆసుపత్రులకు కొత్త కాదు. స్టెరాయిడ్లు మంట ఆర్పడానికి గట్టిగా పనిచేస్తాయి. అసలు మందు పనిచేయడం మొదలయ్యేదాకా వారాలో నెలలో నడిపించే వంతెనగానే వాటిని వాడాలి. ఆ వంతెన మీదే కాపురం పెట్టడం వల్ల మన ఊళ్లలో ఎన్నో తుంటి ఎముకలు విరిగాయి.

ఇంజెక్షన్ల యుగం

లండన్‌లో మార్క్ ఫెల్డ్‌మన్, రవీందర్ మైనీ టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకుంటే కీళ్ల మంట మొత్తం తగ్గుతుందని ఊహించారు. 1992లో తొలి రుమటాయిడ్ రోగులకు ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇచ్చారు. మరుసటి ఏడాదే నెదర్లాండ్స్‌లో క్రోన్స్‌తో బాధపడే అమ్మాయి దానితో కోలుకున్న సంగతి వెలువడింది. 1998లో అమెరికాలో ముందు క్రోన్స్‌కు, 1999లో రుమటాయిడ్‌కు ఆమోదం వచ్చింది. తర్వాత అడాలిముమాబ్ వచ్చింది. రెండు వారాలకోసారి చర్మం కింద 40 మిల్లీగ్రాములు ఇంట్లోనే వేసుకోవచ్చు.

ఇక్కడొక హెచ్చరిక ఉంది. మంట ఒకటే అయినా మందులన్నీ రెండు చోట్లా పనిచేయవు. ఎటనర్‌సెప్ట్ కూడా టీఎన్‌ఎఫ్‌నే అడ్డుకుంటుంది, కీళ్లకు బాగా పనిచేస్తుంది, క్రోన్స్‌కు పనికిరాదు. రిటుక్సిమాబ్, టోసిలిజుమాబ్ రుమటాయిడ్‌కే. వెడోలిజుమాబ్ పేగు మీదికి పోయే కణాలనే ఆపుతుంది, కీళ్లకు దాంతో పని లేదు. ఉస్టెకినుమాబ్ పేగులకు మంచిది, రుమటాయిడ్‌లో ఫలించలేదు. టోఫాసిటినిబ్ రుమటాయిడ్‌కూ, కొలైటిస్‌కూ పనిచేసి క్రోన్స్‌లో విఫలమైంది. ఉపాడాసిటినిబ్ మాత్రం మూడింటిలోనూ ఆమోదం పొందింది. కీళ్ల నిపుణుడు, పేగుల నిపుణుడు ఒకే రోగి గురించి మాట్లాడుకోవాల్సిన అవసరం ఈ జాబితా చూస్తేనే అర్థమవుతుంది.

ఈ యుగంలో హైదరాబాదు పేరు గట్టిగా వినపడుతుంది. డాక్టర్ రెడ్డీస్ 2007లో రెడిటక్స్ పేరుతో రిటుక్సిమాబ్‌కు సమానమైన బయోసిమిలర్‌ను దేశంలో విడుదల చేసింది. 2014 డిసెంబరులో గుజరాత్ కంపెనీ జైడస్ అడాలిముమాబ్ బయోసిమిలర్‌ను ప్రపంచంలోనే తొలిసారి మార్కెట్లోకి తెచ్చింది. 2021లో హైదరాబాదుకే చెందిన నాట్కో బారిసిటినిబ్ తయారీకి అనుమతి కోసం కంపల్సరీ లైసెన్సు అడిగితే, పేటెంటు ఉన్న లిల్లీ కంపెనీ నాట్కోకూ మరికొన్ని భారతీయ కంపెనీలకూ స్వచ్ఛందంగా లైసెన్సు ఇచ్చింది. అది రుమటాయిడ్ మందే, కొవిడ్ కోసం అడిగారు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యవసర మందుల జాబితాలో అడాలిముమాబ్‌ను చేర్చింది. ధరలు దిగాయి. అయినా రోజు కూలితో బతికే ఇంటికి నెలనెలా ఈ బయోలాజిక్ ఇంజెక్షన్లు కొనడం ఇప్పటికీ మోయలేని బరువే. నాలుగు డోసులు వేయించుకుని డబ్బుల్లేక ఆపి, మళ్లీ మొదలుపెడితే ఒళ్లు ఆ మందుకే ఎదురు తిరిగే ప్రతిరక్షకాలు తయారు చేసుకుంటుంది. ముఖ్యంగా ఇన్‌ఫ్లిక్సిమాబ్ విషయంలో. అంతకన్నా మెథోట్రెక్సేట్‌ను నిండు మోతాదులో, అవసరమైతే సల్ఫాసలజీన్, హైడ్రాక్సీక్లోరోక్విన్‌లతో కలిపి ఆపకుండా వాడటం చాలామంది రుమటాయిడ్ రోగులకు నయం.

తీరం పెట్టే షరతులు

మొదటి షరతు క్షయ. 2001లో కీన్ బృందం ఇన్‌ఫ్లిక్సిమాబ్ తర్వాత క్షయ వచ్చిన 70 మంది సంగతి ప్రచురించాక ప్రపంచమంతా నియమం మారింది. టీఎన్‌ఎఫ్ మందుకు ముందు ఛాతీ ఎక్స్‌రే, మాంటూ లేదా రక్తపు ఇగ్రా పరీక్ష తప్పనిసరి. దాగిన క్షయ ఉందంటే దానికి మందు మొదలుపెట్టి, కనీసం నెల గడిచాకే బయోలాజిక్ ఇవ్వాలి. పరీక్ష నెగటివ్ వచ్చినా మన దేశంలో నిశ్చింత లేదు, వాడుతున్నంత కాలం దగ్గు, జ్వరం, బరువు తగ్గడం కనిపెడుతూ ఉండాలి. హెపటైటిస్ బీ పరీక్ష కూడా ముందే చేయించాలి, టీకా కూడా ముందే వేయించాలి.

రెండోది వేడి. ఈ ఇంజెక్షన్లు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెలలో నెల్లూరు 40 దాటుతుంది. చెన్నై నుంచి దాదాపు 175 కిలోమీటర్లు బస్సులో తెచ్చుకునే మనిషికి ఐస్ పెట్టె గురించి ఎవరైనా చెప్పి ఉండాలి. నవంబరు, డిసెంబరుల్లో కథ మారుతుంది. 2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి, జాతీయ రహదారి తెగింది. అలాంటి వారంలో మందు అయిపోయిన రోగికి స్టెరాయిడ్ హఠాత్తుగా ఆగిపోవడం ప్రాణాంతకం. తుపాను కాలానికి ముందే నెల రోజుల మందు ఇంట్లో ఉంచుకోమని చీటీలోనే రాయాలి.

మూడోది గర్భం. గర్భం నిలవగానే అన్ని మందులూ ఆపేయించే పెద్దలు ఇంటికొకరుంటారు. మెథోట్రెక్సేట్ విషయంలో వాళ్ల భయం నిజమే. కానీ సల్ఫాసలజీన్, హైడ్రాక్సీక్లోరోక్విన్, అజాతియోప్రిన్, టీఎన్‌ఎఫ్ మందుల్లో చాలావాటిని గర్భంలో కొనసాగించవచ్చు. పేగు జబ్బు మంట మీద ఉండటమే బిడ్డకు మందుల కన్నా ఎక్కువ హాని.

నాలుగోది పథ్యం. వాతం అనగానే చేపల పులుసు, వంకాయ, పులుపు మాన్పిస్తారు. చేపలతో కీళ్లవాతం ముదురుతుందన్న దానికి ఆధారం లేదు. చేపనూనె కొంత మేలే చేస్తుందని అధ్యయనాలు చెబుతున్నాయి. పేగు సన్నబడ్డ క్రోన్స్ రోగి మాత్రం పీచు ఉన్నవి తగ్గించుకోవాలి. అందరికీ ఒకే పథ్యం పెడితే అసలే నెత్తురు పోయి చిక్కిపోయిన మనిషి ఇంకా చిక్కుతుంది.

అయిదోది పేరు లేని పొడులు. రెండు రోజుల్లో నొప్పి మాయం చేసే ఏ వాతం పొడిలోనైనా స్టెరాయిడ్ కలిసిందేమో అనుమానించాలి. ముఖం గుండ్రబడటం, ఆపితే నొప్పి రెట్టింపవడం గుర్తులు. దీన్ని ఆయుర్వేదం మీదికి నెట్టకూడదు. జీర్ణక్రియలో మొదలైన దోషం కీళ్లను చేరుతుందని ఆయుర్వేద గ్రంథం మాధవ నిదానం చెప్పింది; పేగుల్లోని సూక్ష్మజీవులకూ రుమటాయిడ్‌కూ ఉన్న సంబంధాన్ని నేటి పరిశోధకులు వెతుకుతూనే ఉన్నారు. మెసలమీన్‌కు తోడుగా పసుపులోని కర్కుమిన్ ఇస్తే కొలైటిస్‌లో కొంత మేలు కనిపించిన పరీక్షలున్నాయి. 2021లో ముంబయి వైద్యులు తిప్పతీగ వాడినవాళ్లలో కాలేయ వాపు చూశామని రాశారు. ఆయుష్ శాఖ దాన్ని ఒప్పుకోలేదు. వివాదం తేలకపోయినా, మెథోట్రెక్సేట్ వేసుకునేవాళ్లు ఏ ఆకు, ఏ చూర్ణం వాడుతున్నా వైద్యుడికి చెప్పి కాలేయ పరీక్ష చేయించుకోవడం మేలు.

2021 మే నెలలో కృష్ణపట్నంలో ఆనందయ్య కొవిడ్ మందు కోసం వేల మంది బారులు తీరారు. ప్రభుత్వం మధ్యలో ఆపి, పరిశీలన తర్వాత కంటి చుక్కలు తప్ప మిగతా వాటికి అనుమతిచ్చింది. ఆ మందు సంగతి పక్కన పెడితే, ఆ బారులు చెప్పిన మాట ఒకటుంది: ఉచితంగా, దగ్గరలో, తెలిసిన మనిషి చేతి నుంచి వచ్చే మందును జనం నమ్ముతారు. ఆధునిక వైద్యం ఈ మూడిటినీ ఇవ్వలేని చోట ఎంత మంచి మందైనా అలమారలోనే ఉండిపోతుంది.

తేలని చర్చలు

ముందే బలమైన మందు ఇవ్వాలా, కింది మెట్టు నుంచి ఎక్కాలా అన్నది మొదటి చర్చ. రుమటాయిడ్‌లో లక్ష్యం పెట్టుకుని నెలనెలా మందు సర్దితే ఫలితం మెరుగని 2004లో స్కాట్లండ్ అధ్యయనం చూపించింది. అందులో వాడినవి పాత మందులే. అంటే గెలిచింది ఖరీదైన మందు కన్నా క్రమశిక్షణ. తీవ్రమైన క్రోన్స్‌లో మాత్రం ఆలస్యం పేగునే పోగొడుతుంది గనుక మొదటే ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ను అజాతియోప్రిన్‌తో కలిపి ఇవ్వడం మేలని 2010 నాటి సోనిక్ పరీక్ష సూచించింది. రెండో చర్చ టోఫాసిటినిబ్ లాంటి జాక్ మాత్రల భద్రత. గుండె ముప్పు ఉన్న యాభై దాటిన రుమటాయిడ్ రోగుల్లో టోఫాసిటినిబ్ వల్ల గుండెపోటు, కేన్సర్ టీఎన్‌ఎఫ్ మందుల కన్నా ఎక్కువని తేలాక 2021లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ గట్టి హెచ్చరిక పెట్టింది. నోటి మాత్ర, ఫ్రిజ్ అక్కర్లేదు, చవక జనరిక్ దొరుకుతుంది గనుక తీరంలో దీని ఆకర్షణ ఎక్కువ. చుట్ట తాగే, బీపీ ఉన్న అరవై ఏళ్ల మనిషికి మాత్రం ఇది మొదటి ఎంపిక కాకూడదు. మూడోది, బాగయ్యాక మందు ఆపవచ్చా అన్నది. చాలామందికి మెల్లగా తగ్గించవచ్చు, పూర్తిగా ఆపితే తిరగబెట్టే అవకాశమే ఎక్కువ.

చేయగలిగిన పని

ఈ సాక్ష్యమంతా కలిపి చూస్తే తీరానికి కావాల్సినవి ఖరీదైనవేమీ కావు. ఆరు వారాలు దాటిన కీళ్ల వాపునూ, నాలుగు వారాలు దాటిన రక్త విరేచనాలనూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచే నెల్లూరు ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికి పంపే నియమం ఉండాలి. అక్కడ వారానికో రోజు కీళ్ల, పేగుల వైద్యులు కలిసి కూర్చునే ఓపీ ఉండాలి. జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్న మెథోట్రెక్సేట్, సల్ఫాసలజీన్, హైడ్రాక్సీక్లోరోక్విన్, అజాతియోప్రిన్ ఊళ్లోని ఆరోగ్య కేంద్రంలోనే నెలనెలా అందాలి. మూడు నెలల రక్తపరీక్షకు నెల్లూరు బస్సెక్కే పని లేకుండా నమూనా ఊళ్లోనే తీసుకోవాలి. ఆశా కార్యకర్త చేతిలో ఒక చిన్న కార్డు ఉండాలి: మెథోట్రెక్సేట్ వారంలో ఏ రోజున, ఫోలిక్ యాసిడ్ ఎప్పుడు, రక్తపరీక్ష ఎప్పుడు, జ్వరం, దగ్గు వస్తే ఎవరికి చెప్పాలి. బయోలాజిక్ ప్రభుత్వ ఖర్చుతో ఇచ్చినప్పుడు కూడా క్షయ పరీక్ష పూర్తయిందన్న సంతకం లేనిదే మొదటి డోసు వేయకూడదు.

మాత్ర ఖరీదు వారానికి కొద్ది రూపాయలే. ఆ కార్డునూ, ఊళ్లో రక్తపరీక్షనూ నిలబెట్టడానికి అయ్యే ఖర్చు, తుంటి ఎముక శస్త్రచికిత్సకో, తెగిన పేగు ఆపరేషన్‌కో ప్రభుత్వ వైద్య పథకం చెల్లించే మొత్తంతో పోల్చి చూసుకుంటే, ఏది చవకో ఏ లెక్కల గుమాస్తా అయినా చెప్పగలడు.